జరజర మామయ్య

ఆయన కాలు నేలమీంచి పైకి లేవగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు. నడిస్తే ఈడ్చుకుంటూనే నడుస్తాడు. ముందు కుడికాలు జరుగుతుంది, దాని వెనక ఎడమకాలు జరుగుతుంది, ఆ రెంటి వెనకా తీరిగ్గా మనిషి జరుగుతాడు. వానొచ్చినా అంతే, కుక్క వెంటపడినా అంతే. కుక్కలు కూడా నాలుగడుగులు తరిమి, ఇలాంటివాణ్ణి తరిమితే పోయేది తమ పరువేనని వెనక్కి మళ్ళేవి.

వృత్తి పడవల మీద పేర్లు రాయడం. రేవులో ఏ పడవ చూసినా ముక్కు దగ్గర ఆయన రాసిన గుండ్రటి అక్షరాలే కనిపిస్తాయి. అంత చక్కటి చెయ్యి ఇచ్చిన దేవుడు కాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎందుకు చెయ్యి దులుపుకున్నాడో ఎవరికీ అంతుబట్టలేదు. మొదట్లో అందరూ పెయింటరు గారనేవాళ్ళు. తరవాత పిల్లలు జరజర మామయ్యన్నారు. పెద్దలు కాస్త మొహమాటపడి, చివరికి వాళ్ళూ అదే అన్నారు. ఆయన పలికాడు కూడా.

కోడలు ఆయన్ని సరిగ్గా చూసింది తన పెళ్ళినాడే, రిజిస్ట్రారు ఆఫీసులో. ఆమె రేవు ఆసుపత్రికి కొత్తగా బదిలీ అయివచ్చిన నర్సు. ఆయన కొడుకు పడవ ఇంజన్ల మెకానిక్కు. రిజిస్ట్రారు గది నిండా నైలాన్ తివాచీ పరిచి, ఏసీ పెట్టి ఉంది. మామగారు గుమ్మం దగ్గర్నించి బల్ల దాకా ఆ తివాచీ మీద పదిహేను అడుగులు ఈడ్చుకుంటూ వెళ్ళి, కృతజ్ఞతగా రిజిస్ట్రారు చెయ్యి పట్టుకున్నాడు. టప్పుమని నిప్పురవ్వ లేచింది. రిజిస్ట్రారు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. సంతకం చేస్తున్న పెన్ను కాగితం ఈ చివర్నించి ఆ చివరికి మెరుపు గీసింది.

"ఏమిటండీ ఇది, ఒంట్లో కరెంటు పెట్టుకొచ్చారా?" అన్నాడు రిజిస్ట్రారు, చెయ్యి విదిలించుకుంటూ.

"అభిమానం సార్. కాస్త ఎక్కువైంది," అన్నాడు మామగారు.

పెళ్ళికొడుకు నేలచూపులు చూశాడు. పెళ్ళికూతురు మాత్రం ఆ మనిషి ఇంటికి వెళుతున్నందుకు మొదటిసారి నిశ్చింతగా నవ్వుకుంది.

ఆ ఇంట్లో కాపురం మొదలయ్యాక తెలిసింది, ఆయన ఎక్కడున్నాడో చూడక్కర్లేదని. వింటే చాలు. సిమెంటు గచ్చు మీద బరబర, చెక్క అరుగు మీద కిర్రుకిర్రు, ఇసుక మీద సుయ్యి. వంటింట్లో ఉన్న అత్తగారు చేతిలో పని ఆపకుండానే, "మీ మామగారు మలుపు తిరిగారు, స్టవ్వు వెలిగించు," అనేది. స్టవ్వు మీద నీళ్ళు కాగేసరికి ఆయన గుమ్మంలో ఉండేవాడు.

గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాకి మాత్రం స్థిరనివాసం లేదు. ఆయన బయటికి వెళితే అదీ ఆయన కాళ్ళతోపాటు బయల్దేరేది. వీధి చివరి దర్జీ దాన్ని దులిపి తెచ్చిచ్చేవాడు. "మీ పట్టా ఇవాళ మా కొట్టు దాకా వచ్చిందమ్మా. నిన్న టీచరమ్మ గారి గేటు దగ్గరే ఆగిపోయింది పాపం," అని దాని క్షేమసమాచారాలు చెప్పేవాడు.

చెప్పులు కుట్టే ముసలాయన బాధ ఇంకో రకం. ఒకసారి కోడల్ని ఆపి, మామగారి చెప్పులు రెండూ ఎత్తి చూపించాడు. "పైన చూడమ్మా, కొత్తవి. కింద చూడు, లేవు. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మనిషి చెప్పులు తొడుక్కోడం చూశాను కానీ, తొడుక్కున్న చెప్పుల్ని నేల తినెయ్యడం ఇక్కడే చూశాను." ఆఖరికి లారీ టైరు కోసి అడుగు వేశాడు. అది మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ ముసలాయన గర్వంగా తిరిగాడు.

కొడుకు అప్పుడప్పుడూ బతిమాలేవాడు.

"నాన్నా, రేపు మా ఓనర్ ఇంటికి భోజనానికి వెళుతున్నాం. ఈ ఒక్కరోజూ కాళ్ళెత్తి నడు."

"నేలేమైనా అడిగిందిరా ఎత్తమని?"

"చూసేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వితే మంచిదే కదా. భోజనం బాగా అరుగుతుంది."

ఎందుకలా నడుస్తారని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. డాక్టరుకి బద్ధకమన్నాడు. టీచరమ్మకి కాళ్ళు బరువన్నాడు. కోడలికి, "ఎత్తితే ఈలోగా భూమి ముందుకి జరిగిపోతుందేమోనని భయం తల్లీ," అన్నాడు.

అసలు సంగతి అత్తగారు చెప్పింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన సముద్రంలోకి దిగితే ఏదో చేప కాలికి ముల్లు గుచ్చిందట. ఆ నొప్పి ఇప్పటికీ పోలేదట. అందుకే ఆవిడ రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన కాలికి నూనె రాసేది. ఆయన కళ్ళు మూసుకుని, "అబ్బ, కొంచెం పైన," అంటూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడు. నర్సు కాబట్టి కోడలు ఒకసారి ఆ పాదం పట్టి చూసింది. మడమ పక్కన కందిగింజంత మచ్చ తప్ప ఏమీ లేదు. కీళ్ళన్నీ కుర్రాడి కీళ్ళలా తిరుగుతున్నాయి. అయినా పెద్దవాళ్ళ నొప్పి పెద్దవాళ్ళది, తనెందుకు మాట్లాడాలని ఊరుకుంది.

ఆ ఎండాకాలం రేవు పక్కన పడవలు కట్టే కార్ఖానా తెరిచారు. ఎక్కడెక్కణ్ణించో వందమంది పనివాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ సముద్రంలోకి దూకేవాళ్ళు. మొదటి వారంలోనే ఇద్దరు వడ్రంగులు మూడోవాణ్ణి మోసుకుంటూ ఆసుపత్రికి వచ్చారు. ఆ మనిషి ఆరడుగుల వాడు, చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చీలమండ దగ్గర చిన్న గాటు, చుట్టూ నీలంగా వాచిపోయింది.

బయట చేపలమ్ముకునే అవ్వ తొంగిచూసి ఒక్కమాటలో తేల్చేసింది. "టేకు చేప కొట్టిందమ్మా. పళ్ళెమంత ఉంటుంది, ఇసుక రంగులోనే ఉంటుంది. ఇసుక కప్పుకుని కళ్ళు మాత్రం బయట పెట్టి పడుకుంటుంది. దానంతటది ఎవరి జోలికీ రాదు. మీద అడుగేశావా, తోక విసురుతుంది. తోక మీద విషపు ముల్లుంటుంది."

కోడలు గాయం కడిగి, ముల్లు ముక్క లోపల మిగల్లేదని చూసుకుని, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళ బకెట్లో ఆ కాలు పెట్టించింది. గంటసేపటికి నొప్పి తగ్గి, ఆరడుగుల మనిషి సిగ్గుపడుతూ లేచాడు. మర్నాడు ఇంకొకడు. ఆ మర్నాడు ఇద్దరు. ఆసుపత్రి వరండాలో బకెట్లు వరసగా నిలబడ్డాయి.

ఇంతలో రేవు కమిటీ ప్రెసిడెంటు గారు స్నానాల మెట్లు ప్రారంభించడానికి వచ్చాడు. రిబ్బను కత్తిరించి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఫొటోలో బాగా పడాలని ఒక్కో కాలూ నడుం దాకా ఎత్తి వేస్తూ నీళ్ళలోకి దిగాడు. నాలుగో అడుగు దగ్గర ఫొటో ఆగిపోయింది.

"సిస్టర్, ఇది నా ప్రత్యర్థుల పని," అన్నాడు బకెట్లో కాలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ.

"కాదండీ, టేకు చేప పని."

"దాన్ని వదలను. దాని వంశాన్నే వదలను. అడుగున గొలుసులు కట్టిన పెద్ద వల తెప్పించి ఈ తీరం ఆ చివర్నించి ఈ చివరికి ఈడ్పిస్తాను. ఒక్కటి మిగలకూడదు. సోమవారం కమిటీ, బుధవారం వల. అప్పటిదాకా పిల్లలెవరూ నీళ్ళలో దిగడానికి వీల్లేదని కూడా తీర్మానం చేస్తాం."

ఆ సాయంత్రం కోడలు ఈ మాట ఇంట్లో చెప్పింది. మామగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

"అది నిద్రపోతుంటే మనం వెళ్ళి దాని వీపెక్కి తొక్కుతాం. అదేమో ఉలిక్కిపడి తోకాడిస్తుంది. అది నేరమా?" అన్నాడు. ఆ వేళ ఆయన మరి పెరుగు దాకా రాలేదు. చెయ్యి కడుక్కుని, బరబరమంటూ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. నూనె గిన్నె తెచ్చిన అత్తగారికి ఊళ్ళో కబురు ఒక్కటీ దొరకలేదు.

శనివారం కోడలు ఆసుపత్రి రిజిస్టరు ముందేసుకుంది. ప్రెసిడెంటు అడిగితే లెక్క చెప్పాలని పేర్లూ వయసులూ తిరగరాయడం మొదలుపెట్టింది. మొత్తం పంతొమ్మిది మంది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. అందులో పిల్లలన్నవాళ్ళు ఒక్కరూ లేరు. రోజంతా నీళ్ళలోనే ఉండేది పిల్లలు కదా. మళ్ళీ చూసింది. పదహారుమంది కార్ఖానాకి కొత్తగా వచ్చినవాళ్ళు. ఊరివాళ్ళు ముగ్గురే, ముగ్గురూ యాభై దాటినవాళ్ళు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, నలభై లోపున్నవాళ్ళలో ఒక్కరిక్కూడా ముల్లు దిగలేదు. పాత రిజిస్టర్లు దించి దుమ్ము దులిపి చూసింది. ఎన్నేళ్ళు వెనక్కి వెళ్ళినా ఊరి పిల్లల పేరు ఒక్కటీ లేదు.

ఈ ఊరి పిల్లల కాళ్ళకి ఏం రాసి పంపిస్తున్నారో చూడాలని ఆదివారం పొద్దున్నే తీరానికి వెళ్ళింది.

పిల్లలు పాతికమంది దాకా ఉన్నారు. అందరూ వరసగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పొట్టలు ముందుకి పెట్టి, కాళ్ళు ఇసుకలో ఈడ్చుకుంటూ నీళ్ళలోకి వెళుతున్నారు. ముందున్న పిల్ల గొంతు మార్చి, "అభిమానం సార్, కాస్త ఎక్కువైంది," అంది. వెనకాల అందరూ, "జరజర, జరజర," అని వంత పాడారు. తన పెళ్ళికథ పిల్లల దాకా వచ్చేసిందని తెలిసి కోడలికి నవ్వాగలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే నీళ్ళలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది.

పిల్లల కాళ్ళు ఇసుకని కదిలిస్తున్నాయి. ఆ కదలిక వాళ్ళకంటే ముందు వెళుతోంది. రెండు గజాల దూరంలో ఇసుక చిన్నగా పొంగి, అందులోంచి పళ్ళెమంత చేప ఒకటి లేచి, అంచులు అలల్లా ఆడిస్తూ పక్కకి తప్పుకుపోయింది. దాని వెనక ఇంకొకటి. మీదికి అడుగు పడితే కొట్టే చేప, అడుగు జరుగుతూ వస్తే దారిచ్చి పోతోంది. ఈ ఊరి పిల్లలు ముప్ఫై ఏళ్ళుగా ఆయన్ని వెక్కిరిస్తూ, తెలియకుండానే తమ కాళ్ళు కాపాడుకుంటున్నారన్నమాట. నీళ్ళలో ఆ నడక పెద్దయ్యాకా వాళ్ళని వదలట్లేదన్నమాట.

ఈ సంగతి ఆయనకి చెప్పాలని ఒక్క పరుగున పడవల షెడ్డు వెనక్కి వెళ్ళింది. ఆదివారాలు ఆయన అక్కడే ఒంటరిగా రంగులు కలుపుకుంటాడు. షెడ్డు మూల తిరిగి అక్కడే నిలబడిపోయింది.

మామగారు ఒక చేతిలో రంగు డబ్బా, ఇంకో చేతిలో కుంచె పట్టుకుని, నేలమీద చుట్టలు చుట్టి పడేసిన మోకులు దాటుతున్నాడు. ఒక చుట్ట మీంచి గెంతాడు. ఇంకో చుట్ట మీంచి గెంతాడు. లేగదూడ కూడా అంత తేలిగ్గా గెంతదు. డబ్బాలో రంగు ఒక్క చుక్క తొణకలేదు. ఇంతలో అటువైపు పిల్లల కేకలు వినిపించాయి. గాల్లో ఉన్న కాలు గాల్లోనే ఆలోచించుకుని, మెల్లిగా కిందికి దిగి, ఇసుకని ఆనుకుని, జరజరమంది. అప్పుడు తలతిప్పి కోడల్ని చూశాడు.

"ఎంతసేపైందమ్మా వచ్చి?"

"రెండు గెంతులైంది మామయ్యగారూ."

ఆయన డబ్బా కింద పెట్టి, ఒక పడవ అంచున కూర్చుని, ఆమెకీ చోటిచ్చాడు.

"చేప కొట్టిన మాట నిజమే," అన్నాడు. "పదిహేను రోజుల్లో తగ్గిపోయింది. నాకు తగిలింది సరే, పిల్లలకి తగిలితే ఏమిటి గతి అనిపించింది. బోర్డు రాసి తీరంలో పాతాను, చేపలున్నాయి, కాళ్ళు ఈడ్చి నడవండి అని. అంత అందంగా మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. వారం తిరక్కుండా ఎవరో పీక్కెళ్ళి పడవలో పీటగా వేసుకున్నారు. బడికి వెళ్ళి చెప్పాను. ముందు వరస ఆవలించింది, వెనక వరస నిద్రపోయింది."

"మరి?"

"నొప్పి ఉన్న పదిహేను రోజులూ నేను ఈడ్చుకుంటూనే నడిచాను కదా. ఒకరోజు వెనకాల ఎవరో నవ్వుతున్నారని తిరిగి చూస్తే నలుగురు పిల్లలు. నన్ను వెక్కిరిస్తూ, అచ్చం నాలాగే ఈడ్చుకుంటూ సముద్రంలోకి వెళ్ళారు. చేపలు లేచి తప్పుకున్నాయి. బోర్డు చెయ్యలేనిది, బడి చెయ్యలేనిది, నా కాలు చేసింది. చెబితే పిల్లలు వినరమ్మా. వెక్కిరించమంటే మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక కాలెందుకెత్తుతాను?"

"ముప్ఫై ఏళ్ళు?"

"ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు పుడుతూనే ఉన్నారాయె."

కోడలికి అప్పుడు నూనె గిన్నె గుర్తొచ్చింది. "మరి అత్తయ్యగారు రోజూ కాలికి నూనె రాస్తున్నారే?"

ఆయన మొదటిసారి తలదించుకున్నాడు. "ఆపమని చెప్పడానికి మంచి సమయం దొరకలేదు," అన్నాడు.

"రేపు కమిటీకి వచ్చి ఈ మాట మీరే చెప్పండి. వల ఆగిపోతుంది."

"వద్దు తల్లీ. అది పాఠమని తెలిసిన రోజున పిల్లలు మానేస్తారు. నన్ను పిచ్చివాడిగానే ఉండనీ. వల సంగతి మాత్రం ఏదో ఒకటి చెయ్యి, నీకు పుణ్యముంటుంది."

సోమవారం కమిటీకి గంట ముందు కోడలు రిజిస్టరు చంకలో పెట్టుకుని ప్రెసిడెంటు గారి గదికి వెళ్ళి తలుపు వేసింది. వరస చూపించింది. వయసులు చూపించింది. గుట్టు బయట పెట్టనని ఆయన చేత మాట తీసుకుని మిగతాది చెప్పింది. ప్రెసిడెంటు రిజిస్టరులో తన పేరున్న చోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు. అంతటి పెద్దమనిషికి ఏడేళ్ళ పిల్లకున్న పాటి క్షేమం లేకపోవడం ఆయన్ని లోపల ఎక్కడో కలిచివేసింది.

"ఈడిస్తే చాలా? నిజంగా చాలా?" అన్నాడు.

"సాయంత్రం నాతో రండి. మీ కళ్ళతో చూద్దురుగాని."

"సరే, వల ఆపుతాను. పిల్లల మీద తీర్మానమూ వద్దు. కానీ ఈ కార్ఖానా వాళ్ళకీ పెద్దవాళ్ళకీ ఎలా నేర్పుతాం? వాళ్ళు ఆ పెయింటరుని వెక్కిరించరు కదా, వయసొచ్చింది."

కోడలు ఆ జవాబు రాత్రే ఆలోచించి పెట్టుకుంది. "పిల్లలు వెక్కిరించి నేర్చుకుంటారు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళని చూసి నేర్చుకుంటారు. మీరు రెండు వారాలు అలా నడవండి, చాలు."

ప్రెసిడెంటు ఆ మర్నాడు ఆఫీసుకి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. ముందు గుమాస్తా చూశాడు. మధ్యాహ్నానికి గుమాస్తా ఈడుస్తున్నాడు. బుధవారానికి కాంట్రాక్టర్లు ఈడుస్తున్నారు. వారం తిరిగేసరికి కార్ఖానా మేనేజరు ఈడిస్తే, ఆయన వెనక ఫోర్‌మన్ ఇంకా బాగా ఈడ్చాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే సముద్రంలోకి దూకే పనివాళ్ళూ ఇప్పుడు ఈడ్చుకుంటూనే దిగుతున్నారు. చెప్పులు కుట్టే ముసలాయన కొట్టు ముందు జనం బారులు తీరారు. ఇదేం రోగమో తెలియక ఆయన లారీ టైర్లు టోకున తెప్పించాడు. ఆసుపత్రి వరండాలో బకెట్లు ఒకదానిలో ఒకటి దూర్చి మూలన పెట్టేశారు.

అత్తగారికి మాత్రం నిజం చెప్పక తప్పదనిపించింది కోడలికి. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ, భయంభయంగా, మామగారి కాలికి నొప్పి లేదని చెప్పింది.

అత్తగారు మడత ఆపలేదు. "తెలుసు," అంది.

"ఎప్పట్నించీ?"

"రెండో నెలనించీ. ఒకరోజు కుడికాలు చాపేవారు, ఒకరోజు ఎడమకాలు చాపేవారు. ఏ కాలికి నొప్పో ఆయనకే గుర్తుండేది కాదు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాశారు?"

"రోజంతా రేవులోనే ఉండే మనిషి. నూనె గిన్నె తీస్తేనే కదా గంటసేపు కదలకుండా నా ఎదురుగా కూర్చునేది," అంది అత్తగారు. మడతపెట్టిన బట్టలు కోడలి చేతుల్లో పెట్టి, "నాకు తెలుసని ఆయనకి చెప్పకు," అని లోపలికి వెళ్ళింది.

సెలవు దొరికిన రోజున కోడలు మామగారితో కలిసి నీళ్ళలోకి దిగింది. బదిలీ మీద వచ్చిన మనిషి కాబట్టి ఆమెకి ఆ నడక చేతకాలేదు. రెండడుగులు ఈడిస్తే మూడో అడుగు లేస్తోంది. మామగారు పక్కనే మెల్లిగా జరుగుతూ, ఇసుక పొంగిన చోటల్లా వేలితో చూపించాడు. ఒక చిన్న చేప వాళ్ళ ముందు లేచి, కాస్త దూరం పోయి, మళ్ళీ వాలి, రెక్కలతో ఇసుక చిమ్మి వీపు మీద కప్పుకుంది. రెండు కళ్ళు మాత్రం మిగిలాయి. అది పూర్తిగా సర్దుకునేదాకా ఆయన అక్కడే ఆగాడు. చంటిపిల్ల నిద్రపోతున్న గదిలోంచి వచ్చినట్టు చప్పుడు లేకుండా పక్కకి మళ్ళాడు.

వెనకాల కిచకిచలు వినిపించాయి. పిల్లల వరస వచ్చేసింది. వాళ్ళ నాయకురాలు, ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల, కోడలి నడక కాసేపు పరీక్షగా చూసి, ఇక ఊరుకోలేక ఆమె చెంగు పట్టుకుని లాగింది.

"ఆంటీ, అలా కాదు. మీకు అస్సలు రావట్లేదు," అంది రహస్యంగా. "జరజర మామయ్యలాగ నడవాలంటే ముందు పొట్ట బాగా బయటికి పెట్టాలి."

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన ఏమీ విననట్టే సముద్రం వైపు తిరిగి, పిల్లలకి స్పష్టంగా కనిపించేలా పొట్ట ఇంకో జానెడు ముందుకి తోసి, జరజరమని కదిలాడు.